నెత్తురు ఆపే పిడికిళ్ళు

కూరలు తరుగుతుంటే వేలు తెగుతుంది. కాసేపు అదిమి పట్టుకుంటే నెత్తురు ఆగిపోతుంది. ఆ పనిలో ముందుండేవి నెత్తురులో తిరిగే ప్లేట్‌లెట్లు అనే చిన్న కణాలు. ఒక మైక్రోలీటరు నెత్తురులో ఇవి 1,50,000 నుంచి 4,50,000 దాకా ఉంటాయి.

గాయమైన చోట ముందు కొన్ని ప్లేట్‌లెట్లు రక్తనాళం గోడకి అంటుకుంటాయి. కాని కన్నం పూడాలంటే అవి ఒకదాన్నొకటి పట్టుకోవాలి కదా! ఆ పట్టు గ్లైకోప్రోటీను 2బీ-3ఏ అనే ప్రోటీనుది. ఒక్కొక్క ప్లేట్‌లెట్ మీద ఇవి సుమారు 80,000 ఉంటాయి. మామూలు వేళల్లో పిడికిళ్ళలా ముడుచుకుని ఉంటాయి. గాయం కబురు అందగానే విచ్చుకుని, ప్లాస్మాలో ఉండే ఫైబ్రినోజెన్ అనే పొడుగాటి ప్రోటీనుని పట్టుకుంటాయి. దాని ఒక కొస ఒక ప్లేట్‌లెట్ చేతిలో, రెండో కొస మరొకదాని చేతిలో. ఇలా వేలాది కణాలు గుంపుకట్టి కన్నాన్ని మూస్తాయి. ఆ పైన ఫైబ్రిన్ పోగులు వలలా అల్లుకుని దాన్ని గట్టిపరుస్తాయి.

ఈ పిడికిళ్ళే లేకపోతే? ప్లేట్‌లెట్ల లెక్క సరిగ్గానే ఉన్నా నెత్తురు ఓ పట్టాన ఆగదు. స్విట్జర్లండు పిల్లల వైద్యుడు గ్లాంజ్‌మన్ 1918లో ఈ జబ్బుని వర్ణించాడు. లోపం ప్లేట్‌లెట్ల మీది గ్లైకోప్రోటీనులో ఉందని నర్డెన్, కాయెన్ 1974లో చూపించారు.

జబ్బు చాలా అరుదు. తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి, చెడిన జన్యువులు రెండూ వస్తేనే బయటపడుతుంది. మేనరికాలున్న కుటుంబాల్లో ఆ అవకాశం ఎక్కువ. అందుకే ఇది మనవాళ్ళకి తెలియాలి. పిల్లకి మాటిమాటికీ ముక్కు నుంచి నెత్తురు కారుతున్నా, నెలసరి మరీ ఎక్కువగా ఉన్నా, కౌంటు బాగానే ఉందన్న మాటతో సరిపెట్టుకోకూడదు. ప్లేట్‌లెట్లు ఎన్ని ఉన్నాయన్నది ఒక ప్రశ్న, పనిచేస్తున్నాయా అన్నది వేరే ప్రశ్న. రెండోదానికి వేరే పరీక్షలున్నాయి. అమెరికా వైద్యులకి మేనరికం సంగతి అడగాలని తట్టకపోవచ్చు. మనమే చెప్పాలి.

ఇవే పిడికిళ్ళు గుండె రక్తనాళంలో, కొవ్వు పేరుకున్న చోటు చిట్లినప్పుడు, విచ్చుకుంటే గుండెపోటు. గ్లాంజ్‌మన్ రోగుల్లో పుట్టుకతో లేని పట్టుని కాసేపు మందుతో సడలిస్తే? బారీ కోలర్ పరిశోధనల నుంచి పుట్టిన ఏబ్‌సిక్సిమాబ్‌కి 1994లో అమెరికాలో అనుమతి దొరికింది. తరవాత ఎప్టిఫిబటైడ్, టైరోఫిబాన్ వచ్చాయి.

ఆస్పిరిన్ దారి వేరు. అది పిడికిలిని ముట్టుకోదు, దానికి వెళ్ళే కబుర్లలో ఒకదాన్ని ఆపుతుంది. ప్లేట్‌లెట్‌కి కేంద్రకం లేదు కనక, ఆస్పిరిన్ పాడుచేసిన ఎంజైముని మళ్ళీ తయారుచేసుకోలేదు. ఆ ప్రభావం దాని 7-10 రోజుల ఆయుష్షంతా ఉంటుంది. కనక నెత్తురు ఆగని జబ్బున్నవారు ఆస్పిరిన్ జోలికి పోకూడదు. గుండెలో స్టెంటు ఉన్న అమ్మానాన్నలు, పన్ను పీకించుకోవాలనో మరెందుకో, వైద్యుణ్ణి అడగకుండా దాన్ని మానెయ్యకూడదు. ఒకరికి ప్రమాదమైన మాత్రే మరొకరికి ప్రాణాధారం.