సందేశ యంత్రమునకు కావలివాడు

నాతోడ ఇరువదియేండ్లు పనిచేసిన యుపాధ్యాయులొకరు ఒక వానకాలపు సాయంకాలమున జనగామలో కన్నుమూసిరి. అంత్యక్రియలు మరునాటి మధ్యాహ్నమని నేనే మా పూర్వవిద్యార్థుల సంభాషణ మందిరమున వ్రాసితిని. జనగామలోనివారందఱు చదివిరి, వచ్చిరి. భూపాలపల్లి బొగ్గుగనులలోను, చెల్పూరు విద్యుత్కేంద్రములోను పనిచేయు శిష్యులలో నొక్కడును రాలేదు. మహబూబాబాదువారును రాలేదు. చదువు చెప్పిన గురువు కడచూపునకైనను రాకపోయిరే యని నేను మిక్కిలి నొచ్చుకొంటిని. మూడవనాడు నిజము తెలిసినది. నా మాట వారికి చేరనేలేదు. దోషము వారిది కాదు. మేము యంత్రమును నడపిన పద్ధతిది. ఆ పద్ధతిని గూర్చియే నేటి ప్రసంగము.

2016 అక్టోబరు 11వ తేదీన పాత వరంగల్లు జిల్లా విభజింపబడగా మా శిష్యులు మూడు జిల్లాలవారైరి. వారిలో యంత్రవిద్య నేర్చిన కొందఱు జనగామ, మహబూబాబాదు, భూపాలపల్లి పట్టణములలో ఒక్కొక్క చిన్న సంభాషణ సర్వరును నెలకొల్పిరి. ఇవి మేట్రిక్స్ అను నియమావళి ననుసరించి నడచును. 2014లో వెలువడిన యీ నియమావళియందు లోకమంతటికి యజమాని యొక్కడు లేడు. తపాలా కచేరీలవలె ఏ యూరి సర్వరు ఆ యూరివారిని చూచుకొనును. పొరుగూరివారికి వ్రాసిన మాటను వారి సర్వరునకు పంపును. ఒకే మందిరమున మూడూళ్లవారును కూర్చున్నచో, ఆ మందిరపు ప్రతి మూడు సర్వరులలోను ఉండును.

ఈ పనిచేయు సాధనములలో ప్రసిద్ధమైనది సినాప్స్. ఇది పైథాన్ భాషలో వ్రాయబడినది. పైథాన్ సాధారణముగా నడచు రీతిలో, ఒక ప్రాసెస్‌లో ఒక వేళ ఒక సూచన వరుస మాత్రమే సాగును. కంప్యూటరులో కోర్లు నాలుగున్నను, ఎనిమిదున్నను ఆ ప్రాసెస్ ఇంచుమించు ఒక్కదానినే వాడుకొనగలదు. పదిమంది మాటలాడుకొనుటకు ఇది చాలును. కాని మనవారెవరైనను దేశాంతరములందలి పెద్ద సభలలో చేరిరా, ఆ సభలలోని వేలకొలది సభ్యుల రాకపోకల లెక్కంతయు మన సర్వరుపై బడును. అప్పుడు పనిని పంచక తప్పదు. ప్రధాన ప్రాసెస్ ఒకటి యుండగా, చదువరులకు క్రొత్త మాటలందించుట కొకటి, చిత్రములను భద్రపఱచుట కొకటి, పొరుగు సర్వరులకు పంపుట కొకటి — ఇట్లు పనివారిని వేఱుగా నిలుపుదురు. వీరందఱికిని ఖాతాపుస్తకము ఒక్కటే. అది పోస్ట్‌గ్రెస్ అను దత్తాంశ భాండారము. ఒకరు చేసిన పని మఱియొకరికి చాటువాడు రెడిస్. వాకిట నిలిచి, వచ్చిన కోరికను తగినవానికడకు పంపు ద్వారపాలకుడు ఎంజినెక్స్ వంటి సాధనము.

మేము మొదట పంపువాని నొక్కనిని వేఱుచేసితిమి. అట్లు చేసినపిదప ప్రధాన ప్రాసెస్ తాను పంపుట మానివేయును. ఆ భారమంతయు క్రొత్తవానిదే. మావాడు వానిని కంప్యూటరు ముందు కూర్చుండి చేతితో నడిపించెను. అది నడచుచుండగా సంతోషించి ఇంటికి పోయెను. ఆ వానలో కరెంటు పోయెను. తిరిగి వచ్చినపుడు కంప్యూటరు లేచినది, ప్రధాన ప్రాసెస్ లేచినది. పంపువాడు మాత్రము లేవలేదు; వానిని లేపుమని ఎవరును ఎవరితోను చెప్పియుండలేదు గదా! జనగామవారి మాటలు జనగామవారికి చక్కగా కనబడుచునే యుండెను. అవతలివారి మాటలు మాకు వచ్చుచునే యుండెను. మా మాటలు మాత్రము గడప దాటలేదు. మేము మౌనము వహించితిమని వారును, వారు పలుకలేదని మేమును తలంచితిమి.

చెరువునకు తూములెన్ని యున్నను వాని నన్నిటిని చూచు నీరటికాడు ఒకడుండును. ఏ తూము ఎప్పుడు తెఱువవలెనో, ఏది మూసికొనిపోయినదో వానికెఱుక. లీనక్సు యంత్రములలో నట్టి కావలి సిస్టమ్‌డీ. 2010లో లెనార్ట్ పొటెరింగ్, కే సీవర్స్ అనువారు దీని నారంభించిరి. 2015లో వెలువడిన డెబియన్ 8 మొదలుగా డెబియనులో నిదియే వాడుక. కంప్యూటరు లేవగానే మొదట లేచునది యిదియే. తక్కిన సేవలను లేపునది యిదియే.

దీనికి మనము వ్రాసి యీయవలసిన కాగితములు మూడు. మొదటిది ప్రధాన ప్రాసెస్‌ను గూర్చినది. రెండవది పనివారందఱికిని కలిపి వ్రాసిన యచ్చు; దాని పేరులో ‘@’ గుర్తు ఉండును. ఆ గుర్తు వెనుక ఏ పనివాని పేరు చేర్చిన, ఆ పనివానికి ఆ యచ్చే వర్తించును. కనుక పదిమంది యున్నను పది కాగితములు వ్రాయ నక్కఱలేదు. మూడవది టార్గెట్ అను గుంపు కాగితము. పనివారందఱు ఈ గుంపులోనివారని వ్రాసినచో, ఒక్క యాజ్ఞతో అందఱు లేతురు, ఒక్క యాజ్ఞతో అందఱు నిలుతురు. సాధనమును క్రొత్తదానికి మార్చినపుడు కొందఱు పాతవారు, కొందఱు క్రొత్తవారుగా మిగులు ప్రమాదమును దీనిచే తప్పించుకొనవచ్చును.

ఆ కాగితములలో మూడు మాటలు ముఖ్యములు. పనివారు ప్రధానుని తరువాత లేవవలెనను వరుస యొకటి. ‘నేను సిద్ధము’ అని ప్రాసెస్ తానే తెలుపువఱకు అది లేచినట్లు లెక్కింపరాదనునది రెండవది. దీనినే నోటిఫై పద్ధతి యందురు. ఏ కారణమున పడిపోయినను మూడు సెకన్లాగి తిరిగి లేపవలెననునది మూడవది. వీనికి తోడు, కంప్యూటరు లేచినపుడెల్ల దీనినిగూడ లేపుమని ‘ఎనేబుల్’ అను నాజ్ఞ నీయవలెను. మేము మఱచినది ఈ వ్రాతయంతయు. శిక్ష యనుభవించినది మా స్నేహము.

ఇక జాగ్రత్తలు. కావలివాడు మామూలుగా 10 సెకన్లలో 5 మార్లు లేపి చూచి, అప్పటికిని నిలువనిచో విడిచిపెట్టును. కాని మూడేసి సెకన్లాగి లేపునట్లు వ్రాసినచో ఆ లెక్క ఎన్నటికిని నిండదు. తప్పు వ్రాతవలన పడిపోవు పనివాడు రాత్రంతయు లేచుచు పడుచునే యుండును. అందుచే కావలివాని దినచర్యను, అనగా జర్నలును, తఱచు చదువవలెను; అందు ప్రతి పనివాని మాటలును వాని పేరిటనే యుండును. రెండవది, పనివారిని పెంచుటకు హద్దు కలదు. పోస్ట్‌గ్రెస్ మామూలుగా 100 సంబంధములనే అనుమతించును. సినాప్స్ నమూనా ననుసరించి ప్రాసెస్‌కు 10 చొప్పున ఇచ్చినచో పదుగురితోనే ఆ సంఖ్య ముగియును. మూడవది మిగుల ముఖ్యము: ప్రాసెస్ బ్రతికియున్నదా లేదా యనునదే కావలివాడు సామాన్యముగా చూచును; అది పని చేయుచున్నదా యని చూచుట మన వంతు.

మావాడు పంపువానిని లేపిన కొంతసేపటికే, నిలిచిపోయిన నా వ్రాత భూపాలపల్లి చేరెను. అంత్యక్రియలు ముగిసిన మూడవనాడు, వాని సమయమును తెలుపుచు! ఆ సాయంకాలమే శిష్యులు కన్నీరు నించుకొని మా యింటికి వచ్చిరి. వారిని మనసులో నిందించినందుకు నేను వారియెదుట తల వంచుకొంటిని.

నాటినుండి మూడూళ్లలోను ఒక నియమము పెట్టుకొంటిమి. ప్రతి యుదయము ఒక యూరివారు ‘క్షేమమా?’ అని వ్రాయుదురు. తక్కిన రెండూళ్లవారు బదులు వ్రాయుదురు. యంత్రమునకు సిస్టమ్‌డీ కావలి. మాట చేరినదా యని యడుగుటకు మాత్రము మనమే కావలి.