పాటల తెరలోంచి ఇంజను దాకా!

అమెరికాలోని సెయింట్ లూయిస్ నగరం దగ్గర హైవే మీద జీప్ చెరోకీ కారు గంటకు 70 మైళ్ల వేగంతో పోతోంది. ఉన్నట్టుండి ఏసీ విసురుగా కొట్టసాగింది. రేడియో చెవులు చిల్లులు పడేలా మోగింది. మీట తిప్పినా తగ్గలేదు. వైపర్లు వాటంతట అవే ఆడాయి. కాసేపటికి యాక్సిలరేటర్ తొక్కినా కారు వేగం అందుకోలేదు. వెనుక పెద్ద లారీ వచ్చేస్తోంది!

ఇది దయ్యం పని కాదు. చార్లీ మిల్లర్, క్రిస్ వాలసెక్ అనే ఇద్దరు కంప్యూటర్ నిపుణులు 2015లో చేసి చూపిన ప్రయోగం. కారు నడిపిన విలేఖరి ఆండీ గ్రీన్‌బర్గ్ ఇందుకు ఒప్పుకునే స్టీరింగు పట్టారు. నిపుణులు మాత్రం మైళ్ల దూరంలో మిల్లర్ ఇంట్లో కూర్చుని ల్యాప్‌టాప్‌తో ఇదంతా నడిపించారు.

ఇంతకీ లోపం ఎక్కడుంది? డ్రైవరు పక్కనుండే తెరలో. పాటలు, ఫోను, దారి చూపే పటం అన్నీ అందులోనే. ఆ తెర మొబైల్ సిగ్నల్ ద్వారా బయటి ప్రపంచంతో కలిసి ఉంది. ఆ దారిలో ఒక తలుపు తాళం లేకుండా ఉండిపోయింది. నిపుణులు అక్కడి నుంచే లోపలికి వెళ్లారు.

అయితే తెరకు పాటలు వినిపించే అధికారమే గాని, ఇంజనుకు ఆజ్ఞలిచ్చే అధికారం లేదు. ఇంజను, బ్రేకుల తీగలతో మాట్లాడేది అదే పెట్టెలోని మరో చిప్. దానిలోకి కొత్త ప్రోగ్రాం ఎక్కిస్తే, అది కంపెనీ ఇచ్చిందో కాదో సరిచూసే ఏర్పాటు లేదు. నిపుణులు తాము రాసిన ప్రోగ్రాం ఎక్కించారు. అరుగు మీద కూర్చున్నవాడి చేతికి గాదె తాళం చెవి చిక్కినట్లయింది.

నిపుణులు ఈ సంగతి ముందుగానే కంపెనీకి తెలిపారు. 2015 జూలైలో ఫియట్ క్రైస్లర్ కంపెనీ సుమారు 14 లక్షల వాహనాల దిద్దుబాటుకు పూనుకుంది. సరిచేసిన ప్రోగ్రాంను పెన్‌డ్రైవ్‌లలో యజమానులకు పోస్టులో పంపింది. మొబైల్ నెట్‌వర్క్ వారు కూడా ఆ తలుపును తమ వైపు నుంచి మూసివేశారు.

ఇలాంటి తెరలున్న కార్లు ఇప్పుడు పల్లెల్లోనూ తిరుగుతున్నాయి. సాఫ్ట్‌వేర్ మార్చుకోవాలని కంపెనీ నుంచి కబురు వస్తే, పాటలు బాగానే వస్తున్నాయి గదా అని ఊరుకోరాదు. సర్వీసు సెంటరుకు వెళ్లి ఆ పని చేయించుకోవాలి. ఎవరో ఇచ్చిన పెన్‌డ్రైవ్‌ను కారుకు తగిలించరాదు. బ్రేకులు సరిచూయించుకున్నంత శ్రద్ధ ఇకమీదట తెర మీదా పెట్టాల్సిందే.