ఇంటి కావలి కెమేరాలు - పొరుగువారి మఱుగు

ఆరుగాలము శ్రమించి పండించిన మిరపకాయలు కల్లమునకు చేరిన నాటినుండి గుంటూరు యార్డునకు పోవునంతవఱకు రైతునకు కంటిమీద కునుకుండదు. గుంటూరు, పల్నాడు, ప్రకాశము జిల్లాలలో జనవరి మొదలు ఏప్రిలు వఱకు ఎఱ్ఱగా పఱచిన కాయల ప్రక్కన నులకమంచము వేసికొని పండుకొను రైతులను మన విద్యార్థులందఱును చూచియే యుందురు. అనేకుల తండ్రులే అట్లు పండుకొనువారు. పత్తి వసారాలో రాశిపోసినపుడును ఇదే చింత. ఈ చింత తీర్చుకొనుటకై ఇటీవల మన యూళ్లలో గోడకొక కెమేరాను బిగించుట వాడుకయైనది. అయితే దుకాణదారుడు ఇచ్చినదానిని కొని, అతడు చూపినచోట పెట్టించి, అతడు చెప్పిన రహస్యపదమునే ఉంచుకొనువారు పెక్కండ్రు. కెమేరాను ఎట్లు ఎన్నుకొనవలయునో, ఎచ్చట అమర్చవలయునో, ముఖ్యముగా మన యింటివారి మఱుగునకును పొరుగువారి మఱుగునకును భంగము కలుగకుండ దానిని ఎట్లు పనిచేయింపవలయునో ఈ వ్యాసమున తెలుప యత్నించెదను.

కావలి యనునది మనకు క్రొత్త కాదు. పూర్వము గ్రామమునకు తలారి యుండెడివాడు. ఊరిలో క్రొత్తముఖము కనబడినచో రాకపోకలను కనిపెట్టుట అతని విధి. అయినను తలారి చూచినది తలారి మనస్సుననే యుండెడిది. కొంతకాలమునకు మఱచుటయు కలదు. కెమేరా మఱవదు, అలయదు, చూచినదానిని వేయిమైళ్ల దూరముననున్న వానికి ఆ క్షణముననే చూపగలదు. ఈ భేదమును గుర్తింపక దానిని నిదురపోని తలారిగా మాత్రమే తలచుటవలన చిక్కులు కలుగుచున్నవి.

కావలిపేర మనుష్యులకు జరిగిన అన్యాయమునకు నిదర్శనము మన సమీపముననే కలదు. బాపట్ల చెంతనున్న స్టువర్టుపురము ఇరువదవ శతాబ్దపు రెండవ దశకమున సాల్వేషన్ ఆర్మీవారి నిర్వహణక్రింద ఏర్పడిన సెటిల్మెంటు. 1871 నాటి నేరస్థజాతుల చట్టమును 1911లో మద్రాసు రాజధానికిని విస్తరింపజేసిన పిమ్మట, ఎఱుకలవారు మున్నగువారిని పుట్టుకను బట్టియే అనుమానితులుగ నెంచి, హాజరు వేయించుచు, అనుమతి లేనిదే సెటిల్మెంటు దాటరాదని నిర్బంధించిరి. ఆ చట్టము 1952లో రద్దయినది. నేడు వీధిలోనికి కెమేరాను త్రిప్పి, “ఆ పేటవారు ఇటు వచ్చిరేని తెలియును” అని యెవరైన పలుకగా విన్నపుడు నాకు ఆ హాజరుపట్టీలే జ్ఞప్తికి వచ్చును. కెమేరా మన వాకిటిని కాయవలయునే కాని ఒక పేటను కాయరాదు.

మంచి మాదిరియు ఈ రాష్ట్రముననే దొరకును. 2017 ప్రాంతమున ఆంధ్రప్రదేశ్ పోలీసుశాఖవారు లాక్డ్ హౌస్ మానిటరింగ్ సిస్టమ్ అను ఏర్పాటును వ్యాప్తిలోనికి తెచ్చిరి. ఇల్లు తాళము వేసి ఊరికి పోవు గృహస్థు ముందుగా తెలిపినచో, వారు వచ్చి లోపల కెమేరా నుంచెడివారు. ఇంటిలో చలనము కలుగగనే కంట్రోలు రూమునకు సూచన అందెడిది. ఆ కెమేరా చూచునది ఖాళీ యింటిని. గృహస్థు తిరిగి రాగనే దాని పని ముగియును. అవసరమున్న కాలమునందే, అవసరమైన చోటనే కావలి - ఇంటి కెమేరాకును ఇదియే కొలబద్ద.

ఇక ఎన్నిక విషయము. సామాన్య గృహమునకు రెండు మెగాపిక్సెళ్ల కెమేరా చాలును. వాకిటనుండి పది పదునైదు అడుగులలో నిలిచినవాని ముఖమును అది చక్కగ చూపును. అంతకంటె ముఖ్యముగా విచారింపవలసినది చిత్రము ఎచ్చట నిలువచేయబడునను ప్రశ్న. మార్గములు మూడు: కెమేరాలోని చిన్న కార్డు, ఇంటిలోనుంచు రికార్డరు పెట్టె, కంపెనీవారి దూరపు కంప్యూటర్లు, అనగా క్లౌడు. మొదటి రెండింట చిత్రము మన గడప దాటనక్కఱలేదు. మూడవదానియందు మన పెరటి సంగతులు మనమెఱుగని దేశమున నెవరి యధీనముననో యుండును. నెలనెలకు రుసుము వేఱు. కార్డును దొంగ యెత్తుకొనిపోవునను భయమున్నవారు, రికార్డరు పెట్టెను లోపలిగదిలో బీరువా వెనుక నుంచుకొనుట మేలు.

ఎంత కార్డు వలయునో విద్యార్థులు లెక్కవేసి చూడవచ్చును. రెండు మెగాపిక్సెళ్ల చిత్రమునకు సెకనుకు రెండు మెగాబిట్లు పట్టుననుకొందము. దినమునకు 86,400 సెకనులు. హెచ్చించి, ఎనిమిదిచే భాగించినచో దినమునకు 21.6 గిగాబైట్లు. కావున 128 గిగాబైట్ల కార్డు ఇంచుమించు ఆఱు దినములకు నిండి, పాతదానిమీదనే క్రొత్తది వ్రాసికొనును. హెచ్.265 అను క్రొత్త కుదింపు పద్ధతి గల కెమేరాలలో ఇది సుమారు రెట్టింపు కాలము వచ్చును. గృహమునకు వారము పదిదినముల చిత్రములు చాలునని నా యభిప్రాయము. నెలలతరబడి దాచినవి దొంగను పట్టుటకంటె ఇరుగుపొరుగువారి కథలు చెప్పుకొనుటకే ఎక్కువగ నుపయోగపడును.

చూచి రమ్మనిన కాల్చి వచ్చినట్లు ప్రవర్తించు కెమేరాలును కలవు. 2016లో మిరాయి అను దుష్టప్రోగ్రాము లక్షలకొలది కెమేరాలను, రౌటర్లను లోబఱచుకొనెను. అది ప్రయోగించిన గొప్పవిద్య యేదియు లేదు. కర్మాగారమున పెట్టి పంపిన అఱువదికి పైగా మామూలు రహస్యపదములను ఒకటొకటిగ ప్రయత్నించుటయే. అట్లు చిక్కిన యంత్రములను పురికొల్పి ఆ సంవత్సరము అక్టోబరు 21వ తేదీన డిన్ అను కంపెనీమీద దాడి సలుపగా, అమెరికాలో ట్విట్టరు, నెట్‌ఫ్లిక్సు మున్నగునవి కొన్ని గంటలు అందకపోయెను. అది దూరపు మాట. 2025 ఫిబ్రవరిలో గుజరాతులోని రాజకోటయందు ఒక ప్రసూతి వైద్యశాల కెమేరాలనుండి స్త్రీలను పరీక్షించు దృశ్యములు తస్కరింపబడి సొమ్మునకు అమ్ముడుపోయినవి. ఆ కెమేరాలకు మొదట పెట్టిన తేలిక రహస్యపదమే మార్పు లేక మిగిలియుండెనని పత్రికలు తెలిపెను. కంచె చేను మేయుట యనిన నిదియే. ఆ తల్లులు చేసిన తప్పేమియు లేదు. తమను చూచుచున్న యంత్రమునకు తాళము లేదని వారికి తెలియనే తెలియదు.

కావున కెమేరాను గోడకెక్కించుటకు ముందే రహస్యపదమును మార్చవలయును. అది పండ్రెండక్షరములకు తగ్గక, ఇంటిపేరు, ఫోను నంబరు, పిల్లవాని పుట్టినతేదీ కాకయుండవలయును. ఇంటి వైఫైకిని వేఱొక గట్టి పదముండవలయును. ఫోనుకు వచ్చు అంకెలను కూడ అడుగు రెండంచెల పరీక్ష ఉన్నచో దానిని తప్పక వాడుడు. కంపెనీవారు పంపు సవరణలను ఎప్పటికప్పుడు ఎక్కించుకొనవలయును. సవరణలు పంపని కంపెనీ సరకు చవుకైనను కొనదగదు. మన దేశమున కెమేరాల భద్రతను ప్రయోగశాలలో పరీక్షింపవలయునను నిబంధన 2025 ఏప్రిలు 9 నుండి అమలునకు వచ్చినది గనుక, ఆ ధ్రువపత్రము కలదా యని దుకాణమున అడుగుటకు సంకోచింపనక్కఱలేదు. అమర్చిన పనివాడు తన ఫోనులో కూడ మీ కెమేరాను చేర్చుకొని యుండవచ్చును. అతడు వెడలిపోకమునుపే వాడుకరుల పట్టీని తెఱచి, మీ యింటివారు తప్ప తక్కినవారిని తొలగింపుడు.

అమర్చుచోటు మిక్కిలి విచారింపదగినది. వాకిటి గేటు, పెరటి తలుపు, మెట్లు, గోదాము తలుపు - ఇవి చాలును. ఎనిమిది మొదలు పది యడుగుల ఎత్తున, కొంచెము క్రిందికి వంచి బిగించినచో ముఖము తెలియును, వీధి తగ్గును. మన ప్రాంతమున వేసవిరాత్రులు డాబామీదను ఆరుబయటను పండుకొనుట ఆచారము. తెల్లవారుజామున స్త్రీలు వాకిళ్లు చిమ్మి ముగ్గులు పెట్టుదురు. పెక్కిండ్లకు స్నానపు దడి పెరటిలోనే యుండును. మన కెమేరా చూపులో ఎదురింటి డాబా గాని, ప్రక్కయింటి దడి గాని పడుచున్నచో కోణము మార్చవలయును. మార్చుటకు వీలులేనిచో ప్రైవసీ మాస్కు అను సదుపాయముచే ఆ భాగముమీద నల్లని తెఱ వేయవలయును. ఆ తెఱను పొరుగువారికి మన ఫోనులో చూపినచో అనుమానము తీఱును. ధ్వనిని గ్రహించు సౌకర్యమును ఆపివేయుట యుక్తము. దొంగ మాటలాడుచు రాడు.

కల్లములయొద్ద మఱియొక సంగతి. పత్తి తీయుటకును మిరపకాయలు కోయుటకును కర్నూలు పడమటి ప్రాంతములనుండి కుటుంబములు పిల్లలతో మన యూళ్లకు వలసవచ్చి, పొలములచెంత గుడారములు వేసికొని నెలలు గడపును. వారికి తలుపులు లేవు, గోడలు లేవు. రాశిని కాయుటకు పెట్టిన కెమేరా వారి స్నానమును నిద్రను కూడ చూచుచుండునేని, అది వారికి తెలియదు, తెలిసినను వారు రైతు నడుగజాలరు. రాశివైపే చూపు నిలిపి, కెమేరా యున్నదని ముందుగ వారికి చెప్పుట రైతు ధర్మము.

చట్టమును ఇట్లే పలుకుచున్నది. మఱుగు పౌరుని ప్రాథమికహక్కని సుప్రీముకోర్టు తొమ్మండుగురు న్యాయమూర్తులు 2017 ఆగస్టు 24న ఏకగ్రీవముగ తీర్పు చెప్పిరి. అనుమతి లేక ఒకరి గుహ్యాంగముల చిత్రమును గ్రహించుట, ప్రచురించుట సమాచార సాంకేతిక చట్టము 66-ఇ ప్రకారము మూడేండ్లవఱకు శిక్షార్హము. ఏకాంతముననున్న స్త్రీని చాటుగ చూచుట, చిత్రించుట భారతీయ న్యాయసంహిత 77వ సెక్షను క్రింద నేరము. 2023 నాటి వ్యక్తిగత సమాచార రక్షణ చట్టము ఇంటి సొంతపనికి వర్తింపదు. అంతమాత్రమున ఇంటిలో నేమైన చేయవచ్చునని కాదు. ఒకే యింటిలో కాపురమున్న అన్నదమ్ముల వివాదమున, సహవాసి సమ్మతి లేక నివాసభాగమున కెమేరాలు నడుపరాదని కలకత్తా హైకోర్టు 2025లో తీర్పునిచ్చెను. సుప్రీముకోర్టు దానిలో జోక్యము చేసికొనలేదు.

ఇంటిదొంగను ఈశ్వరుడైనను పట్టలేడను సామెతను చెప్పి పడకగదులలోను వంటయింటను కెమేరాలు పెట్టువారు కలరు. పనిమనిషిని నమ్మలేనిచో బీరువాకు తాళము వేయుట సులభము. ముసలితల్లి పడిపోవునేమో యను భయమున పెట్టదలచినచో ఆమె నడిగి పెట్టవలయును. ఆమె వలదనిన మానవలయును.

ధూళి, ఎండ, విద్యుత్తు - ఈ మూడును మన ప్రాంతపు పరీక్షలు. ఐపి 66 అను గుర్తులో మొదటి ఆఱు ధూళి చొరదని చెప్పును. మిరపఘాటు, పత్తినూగు ఎగురుచోట ఇది ఉండితీరవలయును. రెంటచింతల వంటిచోట్ల పడమటి యెండ తగులని చూరుక్రింద పెట్టవలయును. రాత్రి కెమేరా వెలుతురునకు పురుగులు మూగును, వానికై బల్లులు, సాలీళ్లు చేరును. ఒక్క సాలెగూడు రాత్రియంతయు మనుష్యసంచారమని సూచనలు పంపుచుండును. కావున పక్షమున కొకసారి మెత్తని గుడ్డతో అద్దమును తుడువవలయును. కరెంటు పోయినపుడు కెమేరాయు రౌటరును కూడ ఇన్వర్టరుమీద నడువవలయును. లేనిచో దొంగలు పడిన ఆరునెలలకు కుక్కలు మొఱిగినట్లగును.

పాత కెమేరాను అమ్మునపుడు గాని, పరుల కిచ్చునపుడు గాని కార్డును తీసి యుంచుకొని, రీసెట్ బొత్తామును నొక్కిపట్టి, ఫోనులోని ఖాతానుండి దాని పేరును తొలగింపవలయును. కార్డునందు చెఱిపిన చిత్రములను తిరిగి తీయు ఉపాయములు కలవు కనుక, పనికిరాని కార్డును రెండు ముక్కలు చేసి పాఱవేయుడు.