పులివెందుల నల్లరాతికి మూడు వయస్సులు

ప్రొద్దుటూరు, జమ్మలమడుగు ఊళ్ళలో నాపరాయి పరవని ఇల్లు అరుదు. పరచుకొన్నవారిలో ఆ రాతి వయస్సెంత యని యడిగినవారు మరింత అరుదు. అట్టి ప్రశ్నలే వృత్తిగా గల భూగర్భశాస్త్రజ్ఞులు, పులివెందుల ప్రాంతమున పూర్వపు రాతిపొరల నడుమ కరగిన ద్రవముగా చొచ్చి, అచ్చటనే గడ్డకట్టి నిలిచిన నల్లరాతి పలకను పరీక్షించి, దాని వయస్సు 181 కోట్ల 70 లక్షల యేండ్లనియు, లెక్క 2 కోట్ల 40 లక్షల మేర ఇటునటు కావచ్చుననియు 1995లో భారత భూగర్భశాస్త్ర సంఘమువారి సంపుటమున ప్రకటించిరి.

ఇట్టి వ్యాసము పరిశోధన పత్రికకు చేరిన పిదప జరుగు కథ పాఠకునకు గోచరింపదు. అది తమ పత్రిక పరిధిలోనిదేనా, అందు క్రొత్తదనమేమైన గలదా యని సంపాదకుడు మొదట చూచి, లేదనుకొన్నచో వెంటనే త్రిప్పిపంపును. కలదనుకొన్నచో ఆ విద్యలోనే ఆరితేరిన ఇద్దరు ముగ్గురు పరిశీలకుల కంపును. వారికి సాధారణముగా ప్రతిఫలము లేదు. వారి పేర్లు రచయితకు తెలియవు. కనుకనే కాబోలు, వారి ప్రశ్నలు మొగమోట మెరుగవు: రాతిని ఏ చోట కొట్టి తెచ్చితిరి? ఎండవానలకు చివికిన భాగమును తొలగించితిరా? ఎన్ని ముక్కలు కొలిచితిరి? ఐన్‌స్టీనంతటివాడు 1936లో, తన్నడుగక తన వ్యాసమును పరిశీలకునకు చూపిరని యలిగి, ఫిజికల్ రివ్యూ పత్రికనుండి దానిని వెనుకకు గైకొనెను. ఆ పరిశీలకుడు చూపిన తప్పు తప్పే యగుట వేరు సంగతి.

అయినను పరిశీలకుడు పులివెందులకు వచ్చి సుత్తి పట్టడు. ఎదుట నున్న అంకెలకును, వానినుండి రచయిత తీసిన తీర్పునకును పొత్తు కుదిరినదా లేదా యనునదే అతడు చూడగలది. రుబిడియము స్ట్రాంషియముగా మారు లెక్కపై నిలిచిన ఆ తొలి వయస్సు, శిల తరువాతి కాలమున వేడికో నీటికో లోనైనచో చెదరగలదు; ఆ చెదరుట కాగితముపై కనబడవలెనన్న నియమము లేదు. 2003లో జర్నల్ ఆఫ్ పెట్రాలజీ పత్రికలో వేరొక బృందము, కడప శిలలలోని అట్టి పలకయందలి అభ్రకమునుండి ఆర్గాన్ వాయువును కొలిచి, 2 కోట్లు ఇటునటుగా 189 కోట్ల 90 లక్షలనిరి. 2008లో ప్రీకేంబ్రియన్ రీసెర్చ్ పత్రికలో మరియొకరు, పులివెందుల పలకలోనే దొరకిన బాడెలియైట్ అను సూక్ష్మ స్ఫటికములలో యురేనియము ఎంత సీసముగా మారినదో చూచి, 188 కోట్ల 54 లక్షలని తేల్చిరి. ఈసారి సందేహము 31 లక్షలే.

ఈ సీమకే చెందిన మరియొక రాతి విషయమున నాకు పత్రికల పాతపద్ధతియే నచ్చును. ప్రొద్దుటూరునకు చేరువనున్న కలమళ్ళలోని రేనాటి చోళుల తెలుగు శాసనము ఎపిగ్రాఫియా ఇండికా 27వ సంపుటమున వెలువడినది. ఆ పత్రికలో రచయిత చదివిన పాఠము సంపాదకునకు సమ్మతము కానిచో, అతడు పుట యడుగున చదరపు కుండలీకరణములలో తన పాఠమును అచ్చొత్తించుట ఆచారము. శాసనపు అచ్చుపటము ప్రక్కనే యుండుటచే, ఇరువురిలో నెవరిది సరియో పాఠకుడు తానే అక్షరము లెక్కించి చూచుకొనవచ్చును. నేటి పత్రికలు పెక్కు ఆ జగడమును సంపాదకుని కాగితములలోనే దాచి, చక్కదిద్దిన ప్రతిని మాత్రము మన చేతికిచ్చును.