ఏజీపీ స్లాటు

ఏజీపీ అనగా యాక్సిలరేటెడ్ గ్రాఫిక్స్ పోర్ట్. ఇది కంప్యూటరు మదర్‌బోర్డుపై కేవలం గ్రాఫిక్స్ కార్డును అమర్చుటకు ఉద్దేశించిన విస్తరణ స్లాటు. దీని ప్రమాణాన్ని ఇంటెల్ సంస్థ 1996లో విడుదల చేసింది. 1997 నుండి 2004 వరకు తయారైన వ్యక్తిగత కంప్యూటర్లలో ఇది విరివిగా ఉండేది. తరువాత దీని స్థానంలోకి పీసీఐ ఎక్స్‌ప్రెస్ వచ్చింది. పేరు ఒకటే అయినా ఏజీపీలో మూడు తరాలు, వేర్వేరు వోల్టేజీలు ఉన్నాయి. అందువలన ప్రతి ఏజీపీ కార్డూ ప్రతి ఏజీపీ స్లాటులో పనిచేయదు. కొన్ని సందర్భాలలో పొసగని కార్డు వలన మదర్‌బోర్డు శాశ్వతంగా చెడిపోవచ్చు. పాత కంప్యూటరుకు పాత కార్డును వెదికి తెచ్చి అమర్చేవారు ముందుగా తెలుసుకోవలసిన విషయం ఇదే.

ఆవిర్భావం

1992లో వచ్చిన పీసీఐ స్లాటు ఒకేసారి 32 బిట్లను 33 మెగాహెర్ట్జ్ వేగంతో పంపుతుంది. అంటే సెకనుకు గరిష్ఠంగా 133 మెగాబైట్లు. ఆ కాలానికి ఇది తక్కువేమీ కాదు. అయితే ఆ దారిని సౌండు కార్డు, నెట్‌వర్కు కార్డు వంటివన్నీ పంచుకోవాలి. త్రిమితీయ ఆటలు పెరిగేకొద్దీ గ్రాఫిక్స్ కార్డుకు ఆ వాటా చాలలేదు. అందుచేత మదర్‌బోర్డుపై ఉండే నార్త్‌బ్రిడ్జి చిప్ నుండి గ్రాఫిక్స్ కార్డుకు 66 మెగాహెర్ట్జ్ వేగంతో విడిగా ఒక దారి వేశారు. అదే ఏజీపీ. ఈ దారి ఒక్క కార్డుకే చెందుతుంది కనుకనే సాధారణంగా ఒక మదర్‌బోర్డుపై ఒకే ఏజీపీ స్లాటు ఉంటుంది. 1997లో పెంటియం 2 కొరకు వచ్చిన 440ఎల్ఎక్స్ ఇంటెల్ తయారుచేసిన మొదటి ఏజీపీ చిప్‌సెట్.

కంప్యూటరు ప్రధాన మెమరీలో కొంత భాగాన్ని గ్రాఫిక్స్ కార్డు నేరుగా వాడుకోగలగడం ఏజీపీలోని మరొక విశేషం. దీనిని మొదట్లో గొప్పగా చెప్పుకున్నారు గాని, కార్డుపైనే ఎక్కువ మెమరీ అమర్చడం చవక కావడంతో ఆశించినంత ప్రయోజనం కలుగలేదు.

వేగం, వోల్టేజి

1996 నాటి మొదటి ప్రమాణం 3.3 వోల్టుల సంకేతాలతో పనిచేస్తుంది. ఇందులో 1ఎక్స్ వేగం సెకనుకు 266 మెగాబైట్లు, 2ఎక్స్ వేగం 533 మెగాబైట్లు. 1998లో వచ్చిన రెండవ ప్రమాణం 1.5 వోల్టులను, 4ఎక్స్ వేగాన్ని తెచ్చింది. ఇది సెకనుకు 1066 మెగాబైట్లు. 2002 నాటి మూడవ ప్రమాణంలో సంకేతాలు 0.8 వోల్టులకు తగ్గి, వేగం 8ఎక్స్‌కు, అనగా 2133 మెగాబైట్లకు పెరిగింది.

కొనుగోలుదారులు ఎక్కువగా చూసేది ఈ ఎక్స్‌లనే. నిజానికి వీటివలన చిక్కు తక్కువ. వోల్టేజి కలిసినప్పుడు కార్డు, మదర్‌బోర్డు రెండింటికీ సాధ్యమైన వేగం వద్ద అవి పనిచేస్తాయి. 8ఎక్స్ కార్డును 1.5 వోల్టుల 4ఎక్స్ స్లాటులో ఉంచితే సాధారణంగా 4ఎక్స్ వద్ద నడుస్తుంది. చాలా ఆటలలో ఆ తేడా కంటికి కనిపించదు. అసలు చిక్కు వోల్టేజితోనే.

గంట్లు, అడ్డులు

తప్పు కార్డు స్లాటులోకి దిగకుండా ప్రమాణంలోనే ఒక ఏర్పాటు చేశారు. స్లాటులో ఒకచోట ప్లాస్టిక్ అడ్డు ఉంటుంది. కార్డు అంచున అదే చోట గంటు ఉంటేనే కార్డు లోపలికి దిగుతుంది. 3.3 వోల్టుల స్లాటులో ఈ అడ్డు కంప్యూటరు వెనుక భాగానికి, అనగా మానిటరు తీగ తగిలించే వైపుకు, దగ్గరగా ఉంటుంది. 1.5 వోల్టుల స్లాటులో దూరంగా ఉంటుంది. రెండు వోల్టేజీలకూ తగిన స్లాటులో అడ్డే ఉండదు. అలాగే రెండింటికీ తగిన కార్డుకు రెండు గంట్లు ఉంటాయి. అడ్డు లేని స్లాటులో ఏ వోల్టేజి ఇవ్వాలో మదర్‌బోర్డు ఊహించదు. కార్డుపై ఇందుకొరకు ఒక పిన్ను ఉంది: అది భూమికి కలిపి ఉంటే 1.5 వోల్టులు, కలపకుండా వదిలితే 3.3 వోల్టులు అని అర్థం.

ఈ ఏర్పాటు చక్కనిదే. కాని అందరు తయారీదారులు దీనిని సరిగా పాటించలేదు. 3.3 వోల్టులతో మాత్రమే పనిచేసే కొన్ని చవక కార్డులు రెండు గంట్లతో బజారుకు వచ్చాయి. పెంటియం 4 కొరకు వచ్చిన ఇంటెల్ 845, 850 చిప్‌సెట్లు 1.5 వోల్టులను మాత్రమే తట్టుకుంటాయి. అటువంటి బోర్డులో ఆ కార్డు ఏ అడ్డూ లేకుండా దిగిపోతుంది. స్విచ్చి వేయగానే 3.3 వోల్టులు నార్త్‌బ్రిడ్జికి చేరి దానిని కాల్చివేయవచ్చు. నార్త్‌బ్రిడ్జి బోర్డుకు అతికి ఉంటుంది కనుక మామూలు దుకాణంలో దానిని మార్చడం సాధ్యం కాదు, బోర్డు పోయినట్లే. కొన్ని బోర్డులపై ఇటువంటి కార్డును గుర్తించి, ఎర్ర దీపం వెలిగించి, కంప్యూటరును ఆన్ కానివ్వని ఏర్పాటు కూడా చేశారు.

కాబట్టి కార్డు స్లాటులో పట్టినంత మాత్రాన పనికివస్తుందని అనుకోరాదు. 1990ల చివరి నాటి కార్డు ఏదైనా పెంటియం 4 బోర్డులో పెట్టేముందు, అందులోని చిప్ 1.5 వోల్టులకు తగినదో కాదో చూడాలి. గంట్లను లెక్కించడం కంటే కార్డు మోడలు వివరాలు, మదర్‌బోర్డు పుస్తకం చూడడం మేలు. 3.3 వోల్టుల గంటు మాత్రమే ఉన్న కార్డు కొత్త స్లాటులో దిగకపోతే, అడ్డును కోసి దింపే ప్రయత్నం ఎన్నడూ చేయకూడదు.

ఇతర చిక్కులు

వోల్టేజి కుదిరినా విద్యుత్తు చాలకపోవచ్చు. 2000లో వచ్చిన వూడూ5 5500, 2002లో వచ్చిన రేడియాన్ 9700 ప్రో వంటి కార్డులకు స్లాటు ఇచ్చే విద్యుత్తు చాలదు; పవర్ సప్లై నుండి వేరే తీగ కలపాలి. దానిని మరచిపోతే కార్డు చెడిపోయిందని పొరబడే అవకాశం ఉంది.

ఇంటెల్ 810 వంటి చిప్‌సెట్లలో గ్రాఫిక్స్ లోపలే ఉన్నందున బోర్డుపై ఏజీపీ స్లాటే ఉండదు. అటువంటి కంప్యూటరుకు పీసీఐ గ్రాఫిక్స్ కార్డు ఒక్కటే మార్గం.

పీసీఐ ఎక్స్‌ప్రెస్ తరువాత

2004లో పీసీఐ ఎక్స్‌ప్రెస్ స్లాట్లతో మదర్‌బోర్డులు వచ్చాయి. దీని 16 లేన్ల స్లాటు మొదటి తరంలోనే ఒక్కొక్క దిశలో సెకనుకు సుమారు 4 గిగాబైట్లను పంపగలిగింది. ఏజీపీ కార్డు ఈ స్లాటులో పట్టదు. పాత కార్డు కలవారిని ఆకర్షించుటకు కొందరు తయారీదారులు పీసీఐ దారికి కలిపిన ఏజీపీ ఆకారపు స్లాట్లను కూడా పెట్టారు. వాటిలో కార్డు దిగినా వేగం మాత్రం పీసీఐదే. యూఎల్ఐ సంస్థ చిప్‌సెట్లతో వచ్చిన కొన్ని బోర్డులలో మాత్రం నిజమైన ఏజీపీ, పీసీఐ ఎక్స్‌ప్రెస్ రెండూ ఉన్నాయి. మరోవైపు ఎన్‌విడియా, ఏటీఐ సంస్థలు తమ కొత్త చిప్‌లను ఏజీపీ కార్డులపై కూడా అమర్చుటకు వీలుగా మధ్యలో వారధి చిప్‌లను తయారుచేశాయి. 2008లో వచ్చిన రేడియాన్ హెచ్‌డీ 3850 ఏజీపీ కార్డు ఆ విధంగా తయారైనదే.