పాత డీవీడీ కంప్యూటర్‌లో ప్లే కావట్లేదా? రీజియన్ మార్చే ముందు ఇది చదవండి.. ఛాన్స్ 5 సార్లే!

బీరువా సర్దుతుంటే పాత డీవీడీల కట్ట బయటపడింది. చిన్నాన్న దుబాయ్ నుంచి తెచ్చిన సినిమాలు కొన్ని, అక్క పెళ్లి డిస్కు ఒకటి. లాప్‌టాప్‌లో పెడితే డ్రైవ్ గిర్రున తిరుగుతోంది కానీ బొమ్మ మాత్రం రావట్లేదు. డిస్కు పాడైందని పక్కన పడేస్తున్నారా? ఒక్క నిమిషం ఆగండి.

పసుపు పంటకు పెట్టింది పేరైన నిజామాబాద్ జిల్లా ఆర్మూర్ ప్రాంతం నుంచి గల్ఫ్‌కు వెళ్లిన వాళ్లు చాలామందే ఉన్నారు. వాళ్లతో పాటు వచ్చిన డిస్కుల్లో ఓ చిక్కుంది. చాలాసార్లు డిస్కు బాగానే ఉంటుంది, కంప్యూటరే దాన్ని చూపించనంటుంది. ఎందుకు? ఏం చేయాలి?

అసలు తాళం ఎక్కడుంది?

ఫోన్‌లో ఓటీటీ సినిమా చూస్తూ స్క్రీన్‌షాట్ తీస్తే నల్లగా వస్తుంది కదా? కాపీ కాకుండా పెట్టిన తాళం అది. డీవీడీలకు ఇలాంటి తాళం 1996లోనే వచ్చింది. దాని పేరు సీఎస్ఎస్. కంపెనీలు అమ్మే సినిమా డిస్కుల్లో వీడియోను గజిబిజి చేసి పెడతారు. దాన్ని సరిచేసే తాళం చెవులు డిస్కులోనే మామూలు కాపీకి దొరకని చోట ఉంటాయి. డిస్కు, డ్రైవ్, ప్లేయర్ సాఫ్ట్‌వేర్ మూడూ ఒకదాన్నొకటి ఒప్పుకుంటేనే బొమ్మ వస్తుంది. ఒక్కటి కాదన్నా స్క్రీన్ నల్లగా ఉండిపోతుంది, లేదంటే బొమ్మ గళ్లు గళ్లుగా చెదిరిపోతుంది.

రెండో తాళం రీజియన్. డీవీడీల కోసం ప్రపంచాన్ని ప్రాంతాలుగా పంచారు. అమెరికా, కెనడాలది 1. యూరప్, జపాన్‌తో పాటు దుబాయ్, సౌదీ లాంటి గల్ఫ్ దేశాలది 2. మన ఇండియాది 5. అంటే దుబాయ్ షాపులో కొన్న హాలీవుడ్ సినిమా డిస్కు మీద 2 ఉంటే, 5కు సెట్ చేసిన మన డ్రైవ్ దాన్ని వద్దంటుంది. విదేశాల్లో అమ్మిన తెలుగు సినిమా డీవీడీలు చాలావరకు ఏ రీజియన్‌లోనైనా ఆడేవే కాబట్టి వాటితో ఈ బాధ తక్కువ. డిస్కు కవర్ వెనక చిన్న గ్లోబు బొమ్మ, అందులో అంకె ఉంటాయి. ముందు అది చూడండి. 0 అని గానీ, ఆల్ అని గానీ ఉంటే రీజియన్ గొడవే లేదు.

5 సార్లు దాటితే ఇక అంతే!

చాలామంది పొరపాటు చేసేది ఇక్కడే. 2000 సంవత్సరం నుంచి వస్తున్న కంప్యూటర్ డీవీడీ డ్రైవ్‌లలో రీజియన్‌ను 5 సార్లు మాత్రమే సెట్ చేసుకోవచ్చు. ఆ లెక్క డ్రైవ్‌లోని చిప్‌లోనే ఉంటుంది. విండోస్ మళ్లీ వేయించినా, కంప్యూటర్ మార్చినా లెక్క మొదటికి రాదు.

ఉదాహరణకు దుబాయ్ డిస్కు కోసం 2 పెట్టారు. మన డిస్కు కోసం మళ్లీ 5కు మార్చారు. అమెరికా నుంచి వచ్చిన డిస్కు కోసం 1, తర్వాత మళ్లీ 5, మళ్లీ 1. అయిపోయాయి! ఇక ఆ డ్రైవ్ ఎప్పటికీ 1 మీదే ఉంటుంది. మన 5 నంబర్ డిస్కులను మామూలు ప్లేయర్లతో అందులో చూడలేరు.

అందుకే స్క్రీన్ మీద రీజియన్ మార్చమంటారా అని అడిగితే వెంటనే ఓకే నొక్కొద్దు. విండోస్‌లో డివైస్ మేనేజర్‌కు వెళ్లి, డీవీడీ డ్రైవ్ ప్రాపర్టీస్‌లో డీవీడీ రీజియన్ అనే ట్యాబ్ తెరవండి. ఇంకా ఎన్ని అవకాశాలు మిగిలాయో అక్కడే కనిపిస్తుంది. గల్ఫ్ డిస్కులు ఎక్కువగా ఉంటే వాటి కోసం వేరే యూఎస్‌బీ డ్రైవ్ పెట్టుకుని 2 మీదే ఉంచేయడం మేలు.

వరుసగా ఇలా చెక్ చేయండి

1. డ్రైవ్ ఏ రకం? పాత కంప్యూటర్లలో కొన్నింటికి సీడీ డ్రైవ్ మాత్రమే ఉంటుంది. అది డీవీడీని చదవలేదు. డ్రైవ్ ముందు భాగంలో డీవీడీ గుర్తు ఉందో లేదో చూడండి. అలాగే బ్లూ-రే డిస్కు మామూలు డీవీడీ డ్రైవ్‌లో నడవదు.

2. వేరే డిస్కు పెట్టి చూడండి. అది ఆడితే డ్రైవ్ బాగున్నట్టే. ఏ డిస్కూ ఆడకపోతే లెన్స్ మీద దుమ్ము ఉండొచ్చు. పసుపు ఆరబెట్టి పాలిష్ పట్టే రోజుల్లో ఇంట్లో దుమ్ము సంగతి చెప్పక్కర్లేదు! లెన్స్‌ను వేలితో తాకకండి, క్లీనర్ డిస్కు వాడండి.

3. డిస్కును తుడవండి. మెత్తటి నూలు గుడ్డతో మధ్య రంధ్రం నుంచి అంచు వైపు నేరుగా తుడవాలి. పళ్లెం తుడిచినట్టు గుండ్రంగా తిప్పొద్దు. డేటా గుండ్రంగానే రాసి ఉంటుంది కాబట్టి అలా పడిన గీత పెద్ద భాగాన్నే మింగేస్తుంది.

4. సాఫ్ట్‌వేర్ చూడండి. 2012లో వచ్చిన విండోస్ 8 నుంచి మైక్రోసాఫ్ట్ తన మీడియా ప్లేయర్‌లో డీవీడీ సౌకర్యం తీసేసింది. విండోస్ 10, 11లోనూ అంతే. డిస్కు కనిపించినా సినిమా రాకపోవడానికి చాలాసార్లు కారణం ఇదే. ఉచితంగా దొరికే వీఎల్‌సీ ప్లేయర్ వేసుకుంటే చాలావరకు సమస్య తీరుతుంది. దాన్ని వీడియోల్యాన్ అధికారిక సైట్ నుంచే డౌన్‌లోడ్ చేసుకోండి.

5. మధ్యలో ఆగిపోతోందా? 2005 ప్రాంతంలో వచ్చిన కొన్ని డిస్కుల్లో కాపీ చేయకుండా కావాలనే చెడిపోయిన భాగాలు పెట్టారు. సోనీ వాడిన ఆర్కోస్ అలాంటిదే. టీవీ ప్లేయర్ వాటిని దాటేస్తుంది కానీ కంప్యూటర్ అక్కడే ఇరుక్కుపోవచ్చు. అలాంటి డిస్కును టీవీకి పెట్టే డీవీడీ ప్లేయర్‌లో వేసి చూడండి.

తాళం పగలగొట్టి కాపీ చేస్తే?

కొన్న డిస్కును ఇంట్లో చూసుకోవడం వేరు, కాపీలు తీసి పంచడం వేరు. కాపీరైట్ చట్టానికి 2012లో చేసిన సవరణతో 65ఏ సెక్షన్ వచ్చింది. హక్కులను ఉల్లంఘించే ఉద్దేశంతో ఇలాంటి తాళాన్ని తప్పిస్తే 2 ఏళ్ల వరకు జైలు, జరిమానా పడొచ్చు. సినిమాను వాట్సాప్ గ్రూపుల్లో పెట్టే ముందు ఇది గుర్తుంచుకోండి.

పెళ్లి డిస్కుకు తాళమే లేదు!

అన్నిటికన్నా ముఖ్యమైన విషయం ఇదే. ఫొటో స్టూడియో వాళ్లు రాసిచ్చిన పెళ్లి డీవీడీకి సాధారణంగా సీఎస్ఎస్ ఉండదు, రీజియన్ ఉండదు. అది ఆడటం లేదంటే కారణం వేరే. సినిమా డిస్కులను ఫ్యాక్టరీలో అచ్చు వేస్తారు. ఇంట్లో, స్టూడియోలో రాసే డిస్కుల్లో రంగు పూత మీద లేజర్‌తో రాస్తారు. ఎండ, వేడి, తేమ తగిలితే ఏళ్లు గడిచేకొద్దీ ఆ పూత చెడిపోతుంది. ఒకసారి పూర్తిగా పోతే ఏ సాఫ్ట్‌వేర్ కూడా వెనక్కి తేలేదు.

సినిమా పోతే మళ్లీ ఎక్కడో ఓ చోట దొరుకుతుంది. ఆ రోజు మండపంలో కూర్చున్న తాతయ్య, నానమ్మ మళ్లీ దొరకరు. కాబట్టి కట్టలో ముందుగా పెళ్లి డిస్కునే తీయండి. కంప్యూటర్‌లో తెరిస్తే వీడియో టీఎస్ అనే ఫోల్డర్ కనిపిస్తుంది. దాన్ని అలాగే హార్డ్ డిస్కులోకి కాపీ చేయండి. మధ్యలో ఆగిపోతే డిస్కు తుడిచి మళ్లీ ప్రయత్నించండి, లేదా వేరే డ్రైవ్‌లో పెట్టండి. ఒక డ్రైవ్ చదవలేనిది ఇంకోటి చదవొచ్చు. ఆ తర్వాత హ్యాండ్‌బ్రేక్ లాంటి ఉచిత సాఫ్ట్‌వేర్‌తో ఎంపీ4గా మార్చుకుంటే ఫోన్‌లోనే హాయిగా చూడొచ్చు. దుబాయ్‌లో ఉన్న చిన్నాన్నకూ పంపొచ్చు.

ఒక కాపీ కంప్యూటర్‌లో, ఇంకోటి పెన్‌డ్రైవ్‌లో పెట్టండి. సినిమా డిస్కుల తాళం సంగతి తర్వాత తీరిగ్గా చూసుకోవచ్చు.