వైద్యుని నిర్లక్ష్యము – రోగికి న్యాయమార్గము

వైద్యుడు, ఔషధము, పరిచారకుడు, రోగి – ఈ నాలుగును చికిత్సకు నాలుగు పాదములని ఆయుర్వేదము చెప్పినది. వీరిలో వైద్యుడే ప్రధానుడు. ప్రధానుడు కనుకనే బాధ్యతయు అతనిపై అధికము. చికిత్సాదోషము వలన రోగి మరణించినచో వైద్యుని దండింపవలెనని కౌటిల్యుని అర్థశాస్త్రము విధించినది. తప్పు చికిత్స పశువులకు చేసినచో ఒక దండము, మనుష్యులకు చేసినచో అంతకు మించినది, రాజపురుషులకు చేసినచో అన్నింటికంటె పెద్దది అని యాజ్ఞవల్క్యస్మృతి చెప్పినది. కావున వైద్యుని ప్రశ్నించుట పరదేశముల నుండి వచ్చిన క్రొత్త ఆచారము కాదు. నాటి దండము రాజకోశమునకు చేరెడిది. నేటి పరిహారము రోగికి గాని అతని కుటుంబమునకు గాని చేరును.

నిమ్మనపల్లె, మదనపల్లె, పుంగనూరు, కుప్పము ప్రాంతముల వారు పెద్ద జబ్బు చేసినచో తిరుపతికో, వేలూరుకో, బెంగుళూరుకో పోవుట పరిపాటి. అక్కడ హాని జరిగినచో “అంత దూరము పోయి ఎవరితో వ్యాజ్యమాడగలము?” అని ఊరకుండువారు పలువురు. అట్టి కుటుంబములు తెలిసికొనవలసిన విషయములను ఇక్కడ వివరించుచున్నాము.

ఏది నిర్లక్ష్యము? ఏది కాదు?

రోగములలో సుఖసాధ్యములు, కష్టసాధ్యములు, యాప్యములు, అసాధ్యములు కలవు. చికిత్స ఫలింపనంత మాత్రమున వైద్యుడు దోషి కాడు. ఆ విద్యలో సామాన్య నైపుణ్యము గల వైద్యుడు అట్టి స్థితిలో చూపదగిన జాగ్రత్తను ఇతడు చూపెనా లేదా అన్నదే న్యాయస్థానము విచారించును. రోగి నిరూపింపవలసినవి మూడు:

1. వైద్యుడు చికిత్సాభారమును స్వీకరించెను.
2. చూపవలసిన జాగ్రత్త లోపించినది.
3. ఆ లోపము వలననే హాని కలిగినది.

మూడవది కష్టమైనది. హాని వ్యాధి వలన కలిగెనా, చికిత్స వలన కలిగెనా అని ఎదుటి పక్షము తప్పక ప్రశ్నించును. కొన్ని సందర్భములలో మాత్రము దోషము తనంతట తానే కనబడును. ప్రభుత్వ ఆసుపత్రిలో శస్త్రచికిత్స చేసి ఉదరములో గుడ్డ విడిచిపెట్టిన కేసులో 1996లో సుప్రీంకోర్టు ప్రభుత్వమునే బాధ్యురాలిని చేసినది.

హైదరాబాదు నుండి రెండు తీర్పులు

మొదటిది కిషన్ రావు కేసు. 2002 జూలైలో చలిజ్వరముతో ఒక గృహిణి హైదరాబాదులోని నిఖిల్ సూపర్ స్పెషాలిటీ ఆసుపత్రిలో చేరినది. అక్కడ సన్నిపాత జ్వరమని, అనగా టైఫాయిడ్ అని, చికిత్స చేసిరి. పరిస్థితి విషమించి వేరొక ఆసుపత్రికి మార్చగా, అక్కడి పరీక్షలో మలేరియా ఉన్నట్లు, టైఫాయిడ్ లేనట్లు తేలినది. ఆమె మరణించినది. భర్త మలేరియా శాఖలో అధికారి. జిల్లా ఫోరము 2 లక్షల రూపాయల పరిహారము ఇప్పింపగా, నిపుణుని సాక్ష్యము లేదని రాష్ట్ర కమిషను దానిని కొట్టివేసినది. జాతీయ కమిషనును అదే అభిప్రాయపడినది. 2010 మార్చి 8న సుప్రీంకోర్టు జిల్లా ఫోరము తీర్పును పునరుద్ధరించుచు, ప్రతి కేసులోను నిపుణుని సాక్ష్యము అవసరము లేదని, చిక్కైన వైద్యవిషయములలోనే అది కావలెనని స్పష్టము చేసినది.

రెండవది నిజాం వైద్య విజ్ఞాన సంస్థ, అనగా నిమ్స్, కేసు. 1990లో ఒక ఇంజనీరింగు విద్యార్థి ఛాతీలోని కంతికి అక్కడ శస్త్రచికిత్స చేయించుకొనెను. పరీక్ష కొరకు చిన్న ముక్క తీయుటకే అంగీకారము ఇచ్చినను కంతి మొత్తమును తొలగించిరి. వెన్నుపాము దగ్గరి కంతియైనను నాడీశస్త్ర నిపుణుడు దగ్గర లేడు. యువకునికి నడుము క్రింది భాగము చచ్చుబడినది. 1999లో జాతీయ కమిషను 15.5 లక్షలు ఇప్పించినది. ఆ యువకుడు సుప్రీంకోర్టులో తన వాదన తానే వినిపించుకొనెను. 2009 మే 14న ఆ ధర్మాసనము పరిహారమును 1 కోటి రూపాయలకు పెంచినది. శస్త్రకర్మకు ముందు అనుమతి పొందవలెనని సుశ్రుతుడు అశ్మరీ చికిత్సాప్రకరణమున చెప్పిన మాట ఇక్కడ స్మరణీయము. ఈ తీర్పునకు పందొమ్మిది సంవత్సరములు పట్టెనను సంగతియు మరువరాదు. వ్యాజ్యమునకు దిగువారికి ఓర్పు కావలెను.

ఎక్కడ, ఎట్లు ఫిర్యాదు చేయవలెను?

రుసుము పుచ్చుకొని చేయు వైద్యము వినియోగదారుల చట్టము క్రిందికి వచ్చునని 1995 నవంబరు 13న సుప్రీంకోర్టు నిర్ణయించినది. అందరికి పూర్తిగా ఉచితముగా చేయు ఆసుపత్రులు దీని వెలుపల ఉండును. అక్కడ జరిగిన హానికి సివిలు కోర్టును ఆశ్రయింపవలెను. బీమా సంస్థ గాని, యజమాని గాని రోగి తరఫున సొమ్ము చెల్లించినచో అది ఉచితసేవ కాదు.

ప్రస్తుతము అమలులో ఉన్నది 2019 నాటి చట్టము. దాని ప్రకారము రోగి తాను నివసించు ప్రాంతపు జిల్లా కమిషనులోనే ఫిర్యాదు చేయవచ్చును. బెంగుళూరులో చికిత్స పొందిన నిమ్మనపల్లె వాసి బెంగుళూరు పోయి దావా వేయనక్కరలేదు. వైద్యమునకు చెల్లించిన మొత్తము 50 లక్షలకు మించనిచో జిల్లా కమిషనుకే అధికారము. ఆ మొత్తము 5 లక్షల లోపు అయినచో దాఖలు రుసుము లేదు. న్యాయవాదిని పెట్టుకొనుట తప్పనిసరి కాదు; అయినను చిక్కైన వైద్యవిషయములలో అనుభవజ్ఞుని సలహా మేలు.

హానికి కారణమైన సంఘటన జరిగిన నాటినుండి రెండు సంవత్సరములలో ఫిర్యాదు దాఖలు కావలెను. ఆలస్యమునకు తగిన కారణము చూపినచో మన్నించు అవకాశమున్నను దానిపై ఆధారపడరాదు. ఎదుటి పక్షము 30 దినములలో, గడువు పెంచినచో మరి 15 దినములలో జవాబు ఈయవలెను. పిదప ప్రమాణపత్రములు, రికార్డుల పరిశీలన, వాదనలు జరుగును. జిల్లా తీర్పుపై 45 దినములలో రాష్ట్ర కమిషనుకు అప్పీలు చేయవచ్చును.

పోలీసు కేసు వేరు. అందుకు ఘోరమైన నిర్లక్ష్యము ఉండవలెనని 2005లో సుప్రీంకోర్టు చెప్పినది. పరిహారమే కోరువారికి వినియోగదారుల కమిషను తగినది. ఆవేశముతో ఆసుపత్రిపై దాడి చేయుట 2008 నాటి రాష్ట్ర చట్టము ప్రకారము నేరము. న్యాయమైన ఫిర్యాదు సైతము దానివలన బలహీనపడును.

మొదటి దినము నుండి భద్రపరచవలసినవి

• మందుచీటీలు, రక్తపరీక్షల కాగితములు, స్కానింగు ఫిల్ములు.
• బిల్లులు, రసీదులు. సొమ్ము చెల్లించితిరనుటకు ఇవే ఆధారము.
• డిశ్చార్జి కాగితము, సంతకము చేసిన అంగీకారపత్రపు నకలు.
• కేసు షీటు నకలు. లిఖితపూర్వకముగా కోరినచో 72 గంటలలో ఈయవలెనని 2002 నాటి వైద్యమండలి నిబంధన. అంతర్రోగుల రికార్డును మూడు సంవత్సరములు దాచవలెననియు అందులోనే కలదు.
• ఏ దినమున ఏమి జరిగెనో తేదీలతో ఇంటివారు వ్రాసికొనిన వివరము.

పెద్దమనుషుల ద్వారా రాజీ కుదిరినచో, కాగితముపై ఏమి వ్రాసియున్నదో చదువక సంతకము చేయరాదు. “ఇక ఏ హక్కును కోరము” అను ఒక్క వాక్యము తరువాతి వ్యాజ్యమునకు అడ్డు కాగలదు.

ఆయుర్వేద వైద్యులకును వర్తించును

ఈ చట్టము అల్లోపతి వారికే అనుకొనరాదు. హోమియోపతి అభ్యసించిన ఒక వైద్యుడు జ్వరపీడితునకు అల్లోపతి మందులిచ్చి చికిత్స చేయగా రోగి మరణించెను. తనకు అర్హత లేని పద్ధతిలో చికిత్స చేయుటయే నిర్లక్ష్యమని 1996లో సుప్రీంకోర్టు తేల్చి, 3 లక్షల పరిహారము విధించినది. ఆయుర్వేద వైద్యులమైన మాకును ఇదియే కొలత. కావున చికిత్సకు ముందు వైద్యుని అర్హతను, రిజిస్ట్రేషనును అడిగి తెలిసికొనుడు. ఇదివరకు వాడుచున్న మందులను, ఇంటివైద్యమును సైతము దాచక చెప్పుడు. దాచిన విషయము వలన కలిగిన కీడునకు వైద్యుని నిందింప వీలుండదు.

మంచి వైద్యునికి ఈ ప్రశ్నల వలన భయము లేదు. ఇంటిలో ఒక చిన్న పెట్టెను వైద్యపు కాగితములకై కేటాయించి, ప్రతి కాగితమును తేదీవారీగా అందులో ఉంచుడు. ఆరోగ్యముగా ఉన్ననాడు తదుపరి చికిత్సకు, ఆపద వచ్చిననాడు న్యాయమునకు అదియే అక్కరకు వచ్చును.